తవుడుకి కొన్న పిల్లాడు

ఇవాళ పొద్దున్న మా మనవరాలి కొడుకు వాళ్ళమ్మని "అమ్మాయ్!" అని పిలిచేడు. ఇంటిల్లిపాదీ ఒకటే నవ్వు. వాడి తప్పేముంది లెండి? పురిటికొచ్చిన పిల్ల ఏడాది దాటినా ఇంకా మా ఇంట్లోనే ఉంది. మేమందరం దాన్ని "అమ్మాయ్, ఇలా రా", "అమ్మాయ్, అది అందుకో" అనే పిలుస్తాం. వాడు విన్నదే అన్నాడు. మా మనవరాలూ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నా చూపు మసకేగానీ ఇలాంటివి మాత్రం బాగానే కనబడతాయి. వసారాలో కూర్చుని వాడికోసం తాటాకు చిలక అల్లుతున్నదాన్ని, నా చేతులు ఆగిపోయాయి.

ఈ చిలక అల్లడం నాకెవరు నేర్పేరో, ఎందుకు నేర్పేరో ఈ ఇంట్లో ఒక్కరికీ తెలీదు. అడిగితేగా చెప్పడానికి! అడక్కపోయినా చెప్తాను, వినండి.

నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. కొత్తపేటకి ఓ మోస్తరు నడక దూరం మా ఊరు. ఇంట్లో నేనూ, మా నాయనమ్మా. మా నాన్న పడవ మీద కొబ్బరికాయలేసుకుని రేవు రేవుకీ తిరిగేవాడు, వచ్చినప్పుడు వచ్చేవాడు. మా అమ్మ నా నాలుగో ఏట పోయింది. ఆవిడ మొహం నాకు గుర్తులేదు. ఆవిడ చేతుల దగ్గరొచ్చే పచ్చిపసుపు వాసన మాత్రం గుర్తుంది.

మా నాయనమ్మ సామాన్యురాలు కాదు. కన్న పిల్లలందరూ బతికి బట్టకట్టిన మనిషి ఆ చుట్టుపక్కల ఆవిడొక్కర్తే. ఆ రోజుల్లో అదేం చిన్న సంగతి కాదు. ఎవరింట పురుడొచ్చినా ముందు మా ఇంటికే కబురొచ్చేది. ఆవిడ చెయ్యి తగిలితే చాలనుకునేవారు. దాంతో ఆవిడకి కాస్త గీర కూడా ఉండేది. ఉండదూ మరి!

మా ఎదురింటావిణ్ణి నేను అత్తయ్యా అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే. ఆవిడ భర్త వడ్రంగం పనిమీద ధవళేశ్వరంలో ఉండేవాడు, ఎప్పుడో వచ్చిపోయేవాడు. పైన గోదారికి అడ్డంగా ఆనకట్ట కడుతున్న రోజులవి. "గోదారిని ఆపుతారటే! దాని దారిన దాన్ని పోనివ్వక వీళ్ళకేం పొయ్యేకాలం!" అని మా నాయనమ్మ ముక్కుమీద వేలేసుకునేది. ఆనకట్ట కట్టేరు, గోదారీ ఆగింది, అది వేరే సంగతి.

అత్తయ్య చేతుల్లో ఏదో ఉండేది. తాటాకు పట్టుకుంటే చిలకయ్యేది, కొబ్బరాకు పట్టుకుంటే బూరయ్యేది, పాతచీర పట్టుకుంటే బొంతయ్యేది. పాపం, పిల్లలే నిలిచేవారు కాదు. పుట్టిన పిల్ల పుట్టినట్టే పోయేది. ప్రతిసారీ నెలలు నిండకముందే బొంతలూ, కుచ్చు టోపీలూ, ఉయ్యాలమీదకి చిలకలూ చేసి మూటకట్టుకునేది. ప్రతిసారీ ఆ మూట పట్టుకెళ్ళి గోదాట్లో వదిలేసి వచ్చేది. చివరికి ఊళ్ళో ఆడవాళ్ళు, దాని చేతిపనే దాని పిల్లలకి దిష్టి అవుతోంది అనడం మొదలెట్టేరు. అన్నవాళ్ళు అన్నారు సరే, ఆవిడ నమ్మింది కూడా. ఆ ఆడవాళ్ళలో ఇప్పుడెవరూ లేరు. అయినా తల్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అలాంటప్పుడు మళ్ళీ కడుపొచ్చింది, మగపిల్లాడు పుట్టేడు. ఈసారి మూటేదీ కట్టలేదు. మంత్రసాని వాణ్ణి చేటలో పడుకోబెట్టి, చేతులు చాపి వీధి గుమ్మంలోకి తెచ్చింది. ఆ చేటనిండా తవుడు పోసి ఉంది.

"పిల్లాణ్ణి అమ్ముతున్నామండీ, ఎవరైనా కొనుక్కుంటారా?" అని కేకేసింది.

మా నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని తయారుగా నిలబడి ఉంది. కొంగున ముడేసి తెచ్చిన తవుడు గుప్పెడు తీసి మంత్రసాని చేతిలో పోసింది. "ఇదిగో వెల. ఈ పిల్లాడు ఇహ మా వాడు" అని వాణ్ణి ఎత్తుకుంది. పిల్లలు దక్కనివాళ్ళు అలా చేసేవారు. పిల్లలు నిలిచిన ఇంటికి అమ్మేస్తే, తీసుకుపోయే దేవుడెవరో లెక్క తప్పి ఊరుకుంటాడని నమ్మకం.

ఆ తరవాత నాయనమ్మ పురిటిగది గుమ్మంలో నిలబడి చెప్పింది.

"ఇదిగో అమ్మాయ్, విను. వీణ్ణి నీకు పెంపకానికి ఇస్తున్నాను. పాలివ్వు, నీళ్ళు పొయ్యి, పడుకోబెట్టు. నా కొడుకు అని మాత్రం అనకు. వీడికంటూ నీ చేత్తో ఒక్క బొమ్మ చెయ్యకు, ఒక్క బొంత కుట్టకు. వీడిచేత అమ్మా అనిపించుకోకు. వాడపల్లి గుళ్ళో పుట్టువెంట్రుకలు తీయించిన రోజున నా తవుడు నాకిచ్చేసి నీ పిల్లాణ్ణి నువ్వు తీసుకో. అందాకా ఎవరడిగినా మాది కాదండీ అనాలి. తెలిసిందా?"

"ఆయ్, పిన్నిగారూ" అని లోపల్నుంచి వినబడింది. ఆ గొంతు గోడకి చెప్పినట్టుగా ఉంది.

వాడి పేరు తవుడే అయింది. నేను మాత్రం ఈ క్రయమంతా నిజమే అనుకున్నాను. కొన్నాం కదా, మనది కదా! ఊరంతా తిరిగి మా ఇంట్లో తమ్ముణ్ణి కొన్నాం అని చెప్పొచ్చేను.

"ఓసి పిచ్చిదానా, నేను కొంటే నాకు కొడుకు. అంటే వాడు నీకు చిన్నాన్నే. దణ్ణం పెట్టు!" అంది నాయనమ్మ.

"అంత చిన్న చిన్నాన్న ఉంటాడేమిటి? నాకు తమ్ముడే" అన్నాను.

రోజూ పొద్దున్నే ఎదురింటికి పరుగు. నాయనమ్మ పీటమీద కూర్చుని, కాళ్ళు చాపి, వాణ్ణి కాళ్ళమీద పడుకోబెట్టుకుని ఆముదం మర్దనా చేసేది. కాళ్ళూ చేతులూ సాగదీసేది. ముక్కు నిలబడాలని వేళ్ళతో నొక్కేది. వాడు కీచుమని ఊరంతా ఏకం చేసేవాడు. సున్నిపిండితో నలిచి వేణ్ణీళ్ళు పోసేక, సాంబ్రాణి పొగమీద వాణ్ణి అటూ ఇటూ తిప్పి నా ఒళ్ళో పడేసేది. వెచ్చగా, మెత్తగా, పొగవాసనేస్తూ ఉండేవాడు. వాడి అరికాళ్ళు నా బుగ్గలకి ఆనించుకుని కూర్చునేదాన్ని. ఇంతమంది పిల్లల్నీ, మనవల్నీ పెంచేను గానీ, ఆ మొదటి అరికాళ్ళ మెత్తదనం మళ్ళీ ఎక్కడా తగల్లేదు.

ఒకరోజు అత్తయ్య నన్ను పెరట్లోకి పిలిచింది. పాతచీరలు మడతలేసి పెట్టుకుని ఉంది.

"నీ బొమ్మకి బొంత కుట్టనా?" అంది.

"నాకు బొమ్మ లేదుగా అత్తయ్యా."

"లేకపోతేనేం. ఎప్పటికైనా ఉండదా? బొంత ముందుంటే మంచిదే."

కుట్టింది. పోగు పక్కన పోగు, చీమల బారులాంటి కుట్టు. అంచుకి పాత ఎర్రచీర ముక్క. తీరా చూస్తే అది నా చెయ్యంత పొడుగుంది. దాన్ని నా చేతిలో పెట్టి, ఎటో చూస్తూ, "నీ బొమ్మ నీ ఇష్టం. ఎవరికిచ్చుకున్నా నేనడగను" అంది. నాకు అర్థమైపోయింది. తిన్నగా తీసుకెళ్ళి తవుడుగాడి ఉయ్యాల్లో పరిచేను.

నాయనమ్మ చూసింది. బొంత అంచు పట్టుకుని కుట్టు తడిమింది. ఆ కుట్టు ఎవరిదో తెలీని మనిషా ఆవిడ!

"ఏమే, ఎవరిదే ఇది?"

"నా బొమ్మదే."

"ఎంత బొమ్మే నీది! పొలం పనికి పంపచ్చు" అంది. మర్నాడు మా ఇంట్లో పాతచీరలు రెండు తీసి, "మీ అత్తయ్యకివ్వు, నీ బొమ్మకి చలేస్తుందేమో" అంది.

అక్కణ్ణించి నా బొమ్మకి రానిదంటూ లేదు. లేత తాటాకు సన్నగా చీల్చి చిలకలల్లడం, పసుపులో సున్నం కలిపి వాటి ముక్కులకి ఎర్రరంగెయ్యడం, చింతపిక్కలు పోసి తాటాకు గిలక్కాయ బిగించడం, కొబ్బరాకు చుట్టచుట్టి ఈనె గుచ్చి బూర చెయ్యడం. అన్నీ చేసేది ఆవిడ, ఉయ్యాల దగ్గరకి మోసేది నేను. ఆ చిలకలు గాలికి తిరుగుతుంటే వాడు కాళ్ళు తన్నుకుని బోసినోటితో నవ్వేవాడు. ఆవిడ గుమ్మం అవతల స్తంభాన్ని పట్టుకుని నిలబడి వినేది. "నవ్వేడా? ఏ చిలకని చూసి నవ్వేడు?" అని నన్ను అడిగేది. నేను కాస్త బెట్టు చేసి, బెల్లమ్ముక్క పుచ్చుకున్నాకే చెప్పేదాన్ని.

కొన్నాళ్ళకి ఆవిడ నిజంగానే ఒక గుడ్డబొమ్మ చేసింది. తలకి నల్లదారం జడ, కాటుక కళ్ళు, పిడికెడు జరీముక్కతో చీర. నేను దాన్ని తీసుకుని ఉయ్యాల వైపు వెళ్ళబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది వాడికి కాదే, నీకే. ఇన్నాళ్ళూ నీ బొమ్మకి నీ బొమ్మకి అని అబద్ధం చెప్పించేను నీచేత. ఇహ అబద్ధం కాదులే."

నాకంటూ ఎవరైనా చేసిచ్చిన బొమ్మ అదే మొదటిది. ఆ రోజు అన్నం కూడా దాన్ని ఒళ్ళో పెట్టుకునే తిన్నాను.

అంతా నల్లేరు మీద నడకలా సాగిపోయిందనుకోకండి. వాడికి పళ్ళొచ్చే వేళకి జ్వరం తగులుకుంది. ఒళ్ళు పెనంలా కాలిపోయేది. పాలు కూడా పట్టలేదు. నాయనమ్మ వాముకషాయం కాస్తోంది. నేను చెంబుతో నీళ్ళకి పెరట్లోకెళ్తే అత్తయ్య నూతి గట్టుమీద నోరు రెండు చేతుల్తో మూసుకుని కూర్చుని ఉంది.

"అన్నానే" అంది.

"ఏమన్నావు అత్తయ్యా?"

"నిన్న పాలిస్తుంటే నా మొహంలోకి చూసి నవ్వేడే. నోరు జారి, నా తండ్రే అనేశాను. 'నా' అన్న మాట వినబడిపోయిందే. వినకూడనివాళ్ళు వినేశారు."

పక్కన కూర్చుని, నా బొమ్మని ఆవిడ ఒళ్ళో పెట్టేను. ఆవిడ దాన్ని గుండెకి అదుముకుని ఏడ్చింది. రెండ్రోజులకి జ్వరం దిగింది, వాడు గిలక్కాయ కోసం చెయ్యి చాపేడు. అత్తయ్య భయం మాత్రం దిగలేదు. ఆ రోజునుంచి ఆవిడ వాడితో మాట్లాడ్డమే తగ్గించేసింది. ఎవరు పలకరించినా ముందే "మాది కాదండీ, ఎదురింటి పిన్నిగారిది" అనేసేది. అడక్కపోయినా అనేసేది.

వాడికి అడుగులొచ్చిన రోజు నాయనమ్మ అరిసెలు వండింది. తొలి అడుగులు అరిసెల మీద వేయించడం మా వైపు వేడుక. బెల్లం పాకం, నువ్వుల వాసన వీధి చివరిదాకా కొట్టింది. చాపమీద అరిసెలు పరిచి వాణ్ణి నిలబెట్టేను. వాడు నా వేలు వదిలేసి తిన్నగా వాళ్ళమ్మ వైపు బయల్దేరేడు. ఆవిడ గతుక్కుమని వెనక్కి జరిగింది. వాడు ఇంకో అడుగేశాడు. ఆవిడ ఇంకా జరిగింది. ఆవిడ జరిగినకొద్దీ వాడు పకపకా నవ్వుతూ వెంటపడ్డాడు, అదేదో ఆటనుకుని. అలా వసారా అంతా నడిచేడు. చివరికి ఆవిడ వీపుకి గోడ తగిలింది. వాడు ఆవిడ మోకాళ్ళు వాటేసుకుని నిలబడ్డాడు. ఆవిడ చేతులు రెండూ పైకెత్తేసి, "ఎవరింటి పిల్లాడో పడిపోతాడు, పట్టుకోండీ!" అని ఏడుపుగొంతుతో అరిచింది. నాయనమ్మ మొహం తిప్పుకుని అరిసెలు ఏరింది.

మాటలొచ్చేయి. నా వెనకే తిరిగేవాడు కదా, నేనేమంటే అదే వాడి పలుకు. నేను బూర అంటే వాడు "బూయ". నేను ఆవిణ్ణి అత్తయ్యా అంటే వాడు "అత్తా". మొదటిసారి అలా పిలిచినప్పుడు ఆవిడ, "మంచిదే, మంచిదే. ఇదే కావలసింది" అంది. నవ్వుతూనే అంది. అన్నాక లోపలికెళ్ళి చాలాసేపు రాలేదు.

వాడి మూడో ఏట అందరం పడవలో వాడపల్లి వెళ్ళేం. అత్తయ్య భర్త కూడా వచ్చేడు. వాడికోసం తాటిబుర్రల బండి తెచ్చేడు. రేవులో మొక్కు తీర్చి, గుండు కొట్టించి, గంధం పూసేరు. అప్పుడు అత్తయ్య, ఆ ఏడు పంటలో దంచిన కొత్త తవుడు మా నాయనమ్మ ఒడినిండా పోసి, "నా బిడ్డని నాకిప్పించండి పిన్నిగారూ" అనాలి. పెదాలు కదులుతున్నాయి, మాట రావట్లేదు. నాయనమ్మ "అనవే తల్లీ, ఇహ భయం లేదు, అను" అని గడ్డం పట్టుకుంది. ఎలాగో అంది.

తీరా అప్పుడు నేను వాణ్ణి వాటేసుకుని కూర్చున్నాను. "నేనివ్వను! కొన్నాం కదా!"

"కొన్నది నేను, మధ్యలో నువ్వెవరివే! ఎదురిల్లే కదా, ఎక్కడికి పోతాడు" అని నాయనమ్మ నా చేతులు విడదీసింది. నేను రేవంతా వినబడేలా ఏడ్చేను. నన్ను చూసి వాడూ మొదలెట్టేడు.

తిరుగు ప్రయాణంలో పడవలో ఎవరో ముసలావిడ, "గుండుకి గంధం ఎంత ముద్దుగా ఉందో! ఎవరమ్మా పిల్లాడు?" అంది.

"మాది కాదండీ" అంది అత్తయ్య వెంటనే.

ఆవిడ నాలిక్కరుచుకుంది. "మాదే, మాదేనండీ" అని గబగబా అంది గానీ అప్పటికే కళ్ళనిండా నీళ్ళు. వాడు నా ఒళ్ళోంచి, "అత్తా, బూయ!" అని చెయ్యి చాపేడు.

ఆ తరవాత ఎంత ప్రయత్నించేరని! వాడపల్లిలో కొన్న పంచదార చిలక చూపించి, "అమ్మ అను, ఇస్తాను" అనేది ఆవిడ. "అత్తా, ఇయ్యి!" అనేవాడు వాడు. అందరూ నవ్వేవారు. ఆవిడ చిలక ఇచ్చేసేది. "పోనీలెండి పిన్నిగారూ, బతికేడు, అది చాలు. అత్తా అంటే మాత్రం పిలుపు కాదా" అనేది. ఒకరోజు నేను వెళ్ళేసరికి ఆవిడ ఒంటరిగా కూర్చుని చిలక అల్లుతోంది. ఇప్పుడు ఎవరి బొమ్మ పేరూ చెప్పక్కర్లేదు కదా, తన కొడుక్కే బాహాటంగా అల్లుకుంటోంది. అయినా ఆ మొహంలో సంతోషం లేదు.

ఇంటికొచ్చి నాయనమ్మకి చెప్పేను. ఆవిడ బియ్యం చెరుగుతున్న చేట ఆపింది.

"వాడు మీ అత్తయ్య నోరు చూసి మాట్లాడ్డం లేదే. నీ నోరు చూసి మాట్లాడుతున్నాడు. నువ్వు అమ్మా అంటే వాడూ అంటాడు."

"నేనెలా అంటాను? మా అమ్మ కాదుగా!"

"కాదు" అంది నాయనమ్మ. "నీకు కష్టమైతే వద్దులే. నేను బలవంతపెట్టను."

మా అమ్మ పోయేక ఆ మాట నేనెవరినీ అనలేదు. అనడానికి మనిషే లేకపోయె. గొబ్బిళ్ళప్పుడో, వానలో ఆడుకునేటప్పుడో తక్కిన పిల్లలు అమ్మా అని ఇంట్లోకి పరిగెడుతుంటే నేను ఊరికే నిలబడి చూసేదాన్ని. ఆ మాట ఎవరికైనా ఇచ్చేస్తే మా అమ్మకి ఇంకేం మిగలదనిపించింది. నా బొమ్మని పట్టుకుని చాలాసేపు పెరట్లో కూర్చున్నాను. దాని కాటుక కళ్ళు చెరిగిపోతే అత్తయ్యే మళ్ళీ మళ్ళీ దిద్దింది. జడ ఊడితే అల్లింది. నాకు తల దువ్వింది కూడా ఆవిడే, జ్వరమొస్తే పక్కన పడుకున్నదీ ఆవిడే.

మర్నాడు పొద్దున్న తవుడుగాణ్ణి చంకనేసుకుని ఎదురింటి గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ పొయ్యిదగ్గర, మాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. చేతులకి పసుపు ఉంది. ఆ వాసన గుమ్మందాకా వచ్చింది.

"అమ్మా!" అన్నాను.

ఆవిడ చటుక్కున తిరిగింది. వాడే అన్నాడనుకుని వాడి మొహం చూసింది. వాడి నోట్లో వేలుంది. అప్పుడు నా మొహం చూసింది. నేను మళ్ళీ అన్నాను, ఈసారి ఏడుపొచ్చేసింది. "అమ్మా!"

"ఆయ్" అంది. పిలిస్తే పెద్దవాళ్ళకి పలికినట్టు, మెల్లిగా. "ఆయ్, వస్తున్నానమ్మా."

వాడు నా మొహం చూసేడు, ఆవిడ మొహం చూసేడు. నోట్లో వేలు తీసేడు. "అమ్మా!" అన్నాడు.

ఆవిడ వచ్చి ఇద్దర్నీ కలిపి ఎత్తుకోబోయింది. నేను బరువు కదా, ముగ్గురం గుమ్మంలో కూలబడ్డాం. ఆ పసుపుచేతులు నా మొహానికంతా పూసుకుపోయేయి. ఆ రోజంతా నేను మొహం కడుక్కోలేదు.

వాడికి పిలుపు అలవాటైపోయేక నన్ను మానెయ్యమని ఎవరూ అనలేదు. నేనూ మానలేదు. నా పెళ్ళిలో నన్ను గంపలో కూర్చోబెట్టి తెచ్చింది తవుడుగాడి నాన్న, నా తొలి పురుడు పోసింది ఆవిడ. నా పిల్లలందరి ఉయ్యాలమీదా ఆవిడ అల్లిన చిలకలే తిరిగేయి. ఆవిడ పోయిన రోజున తవుడూ నేనూ చెరోపక్కా కూర్చుని ఒకే మాట అంటూ ఏడ్చేం. ఇప్పుడు వాడికీ తల నెరిసింది. నిరుడొచ్చినప్పుడు పండ్లతోపాటు చిన్న మూటలో తవుడు కూడా తెచ్చేడు. "నీ పాడావుకి వెయ్యవే, నా వెల" అని వేళాకోళం. ఇచ్చినవాళ్ళెవరో, పుచ్చుకున్నవాళ్ళెవరో, ఆ తవుడు వ్యవహారంలో నాకొచ్చినంత లాభం మాత్రం ఎవరికీ రాలేదు.

చిలక పూర్తయింది. ముక్కుకి రంగేస్తే సరి. పొద్దుటి నవ్వులు ఇంకా ఆగలేదు, అవతల ఎవరో పిల్లాడిచేత మళ్ళీ "అమ్మాయ్" అనిపిస్తున్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. కర్ర పుచ్చుకుని లేచి గుమ్మంలోకి వెళ్ళేను. వాణ్ణి దగ్గరకి లాక్కుని, చిలక వాడి చేతిలో పెట్టి, వాడు నా నోరు చూస్తుండగా మా మనవరాల్ని పిలిచేను.

"అమ్మా!"

ఇంట్లో అందరూ నావైపు చూసేరు, ముసల్దానికి మతి పోయిందనుకున్నట్టు. మా మనవరాలు మాత్రం చేతిలో పని వదిలేసి తిరిగింది.

"ఆయ్" అంది.